చీనీ కొయ్యకు బెజ్జం

మా వరండాలో ఒక కుర్చీ ఉంది. దాని కుడిచేయి పసుపు రంగు, ఎడమచేయి ఎరుపు. చీరలు ఇచ్చిపోవడానికి వచ్చే ఆడవాళ్లు దాన్ని చూసి, ఒక చెయ్యి విరిగితే ఇంకో కొయ్య అతికించారా అని అడుగుతారు. అవునంటాను. అంతకన్నా చెప్పాలంటే వాళ్లను కూర్చోబెట్టి కాఫీ పెట్టాలి. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మా ఆయన వడ్రంగి. ధర్మవరంలో మా వీధి వాకిళ్లు, కిటికీలు చాలావరకు ఆయన చేతివే. నేను పట్టుచీరలకు ఫాల్ కుడతాను, కొంగులకు కుచ్చులు వేస్తాను. ఇద్దరి పనీ ఒకే వరండాలో. ఆ మూల రంపప్పొట్టు, ఈ మూల ఎవరి పెళ్లికో కొన్న పట్టుచీరలు. ఇట్లాంటి కాపురంలో గొడవ జరగకపోతేనే ఆశ్చర్యపడాలి. మా గొడవ ఎప్పుడూ ఒక్క విషయం మీదే వచ్చేది. అది ఆయన ఊదడం.

కొయ్యలోకి స్క్రూ దించాలంటే ముందు డ్రిల్లుతో సన్నటి బెజ్జం వెయ్యాలి. బెజ్జం వేశాక లోపల పొడి మిగులుతుంది. ఆ పొడి తియ్యకుండా స్క్రూ బిగిస్తే, అది అడుగున గట్టిపడి దారివ్వదు, కొయ్య చీలుతుంది. అందుకని మా ఆయన ప్రతి బెజ్జం మీదికీ వంగి, పెదాలు దగ్గర పెట్టి, 'ఉఫ్' మని ఒక్క ఊదు ఊదేవాడు. ఆ పొడి లేచి నేరుగా వచ్చి నా ఒళ్లోని చీర మీద వాలేది. ముదురు రంగు పట్టు అయితే ఇంకా బాగా కనబడేది.

"ఏమయ్యా, ఆ ఊదేదేదో వీధిలోకి పోయి ఊదుకోరాదా? పెండ్లి చీర ఇది" అనేదాన్ని.

"నీ చీరే పక్కకు పెట్టుకో మే. కొయ్య యాడికి పోతాది?" అనేవాడు. తర్వాతి బెజ్జానికి ఇంకొంచెం గట్టిగా ఊదేవాడు. కావాలనే చేసేవాడని నా అనుమానం. అనుమానం కాదు, నాకు తెలుసు.

పెళ్లయిన కొత్తలో నేను, ఒక్క స్క్రూకు ఇంత తతంగం ఎందుకు, సుత్తితో రెండు దెబ్బలేస్తే దిగదా అని అడిగాను. ఆయన నా సూదుల డబ్బా వైపు చూపించి "పట్టుచీరను దబ్బనంతో కుడతావా?" అన్నాడు. తర్వాత దగ్గర కూర్చోబెట్టుకుని చూపించాడు. డ్రిల్లు బిట్టును స్క్రూ ముందు నిలబెట్టి, రెండింటినీ కలిపి వెలుతురుకు ఎత్తి, ఒక కన్ను మూసి చూడాలి. స్క్రూ నడుము బిట్టు వెనక దాగిపోవాలి, దాని చుట్టూ ఉన్న మరల అంచులు మాత్రం రెండు పక్కలా కనబడాలి. మరలు కూడా దాగిపోతే బెజ్జం పెద్దదవుతుంది, స్క్రూ పట్టు దొరక్క ఊరికే తిరుగుతుంది. నడుము కూడా బయటపడితే బెజ్జం చిన్నదవుతుంది, కొయ్య పగులుతుంది. మెత్త కొయ్యకు కొంచెం సన్నది, గట్టి కొయ్యకు కొంచెం లావుది. మా పక్క ఎండలకు ఎండిపోయిన కొయ్యకు ఇంకో రవ్వ లావుది. అన్నీ చూసుకుని సరిపోయిందనుకుంటే ఆయన నోట్లోంచి "ఊ" అని వచ్చేది. ఆ "ఊ" రాకుండా డ్రిల్లు తిరిగేది కాదు.

అంత చూసి పని చేసే మనిషికి ఊపిరి చెడింది. మొదట్లో దగ్గు, తర్వాత మెట్లెక్కితే ఆయాసం, చివరికి చెప్పులు వేసుకున్నా ఆయాసమే. అనంతపురంలో చూపిస్తే డాక్టరు, ఏళ్ల తరబడి పీల్చిన కొయ్య పొడీ బీడీలూ కలిసి ఊపిరితిత్తులను తినేశాయని చెప్పాడు. బయటికి వచ్చాక మా ఆయన "బీడీలు సరే. కొయ్య ఏం జేసింది పాపం" అని కొయ్యను వెనకేసుకొచ్చాడు. నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి.

అన్నింటికన్నా పెద్ద కష్టం నిద్ర. పడుకుంటే ఊపిరాడదు. గోడకు దిండ్లు పెట్టి ఆనిస్తే, కునుకు పట్టగానే పక్కకు జారిపోయి ఉలిక్కిపడి లేస్తాడు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెడితే మెడ వాలిపోతుంది. ఎప్పుడు చూసినా కళ్లు ఎర్రగా మండుతూ ఉండేవి. నోట్లో కొట్టుకునే మందు కొంచెంసేపు పనిచేసేది, నిద్రను మాత్రం తెచ్చిపెట్టలేకపోయింది.

"ఒక్కతూరి నిండా నిద్రపోతే సాలు మే. ఇంకేం అడగను" అన్నాడు ఒకరోజు పొద్దున.

అప్పుడే సుద్దముక్క తీసుకుని వరండా బండల మీద కుర్చీ గీశాడు. వెనక్కు వాలిన వీపు, తల ఆన్చుకోవడానికి ఎత్తు, ముంజేతులు పూర్తిగా ఆనేటంత వెడల్పు చేతులు. అట్లా చేతులు ఆనించి కూర్చుంటే ఆయనకు ఊపిరి కొంచెం సులువుగా ఆడేది. గీస్తూనే ఆయాసంతో రెండుసార్లు ఆగాడు. ఇక చెయ్యడం ఆయన వల్ల కాదని ఇద్దరికీ తెలుసు.

"నువ్వు చెప్పు, నేను చేస్తా" అన్నాను.

ఎగాదిగా చూశాడు. "చీర కాదు మే ఇది."

"నువ్వు చేసిన వాకిలి వానాకాలంలో మూసుకునేదే ల్యా. నాకేం తక్కువ?" అన్నాను. ఆయన నవ్వబోయి దగ్గాడు.

కొయ్య ఏదనే దగ్గర మళ్లీ ఆగాం. కాళ్లకు, చట్రానికి పాత వాకిలి తాలూకు వేప ద్వారబంధం ఇంట్లోనే ఉంది. వీపుకు, చేతులకు మాత్రం మా ఇంటి వెనక పడి ఉన్న చీనీ కొయ్య తెమ్మన్నాడు.

ఊరికి దగ్గర్లో మాకొక చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉండేది. మొక్కలు నాటిన ఏడాది మాకు బోరు లేదు. పక్క చేను బోరు నుంచి ఎండాకాలమంతా బిందెలతో నీళ్లు మోసి మొక్కమొక్కకూ పోశాను. నడుం మీద బిందె రాసుకుపోయిన మచ్చ ఇప్పటికీ ఉంది. తర్వాత బోరు పడింది, చెట్లు కాశాయి, మంచి రోజులు కొన్ని చూశాం. ఆ తర్వాత వరసగా వానలు ముఖం చాటేశాయి. బోరు ఎండింది. ఇంకొకటి వేయిస్తే నీళ్ల బదులు తెల్లదుమ్ము లేచింది. చెట్లు కొసల నుంచి ఎండుతూ వచ్చాయి. చేను చూసుకునే మా తమ్ముడే వాటిని కొట్టించాడు. కొయ్యంతా ఇటుకల బట్టీకి పోయింది. ఒక్క చెట్టు కొయ్య మాత్రం ఇంటి వెనక ఉంచమని మా ఆయన అడిగాడు, ఎందుకో అప్పుడు చెప్పలేదు.

మా తమ్ముడు వచ్చి సంగతి విని తల పట్టుకున్నాడు. "బావా, చీనీ కొయ్య పొయ్యిలోకి తప్ప దేనికీ పనికిరాదు. టేకు తెస్తా ఉండు."

"పొయ్యిలోకి పోతాదని మీ యక్క నీళ్లు మోసిందా?" అన్నాడు మా ఆయన. "నా వీపుకు, నా చేతులకు తగిలేది ఆ కొయ్యే ఉండల్ల."

తమ్ముడు ఆ కొయ్యే తెచ్చి ముందేసుకున్నాడు. రంపంతో కోసి, చిత్రిక పట్టి, పలకలు తీసిచ్చి వెళ్లాడు. చీనీ చెట్టు పొట్టిది, వంకరది. వీపుకు చిన్న చిన్న పలకలు వచ్చాయి. చేతులకు సరిపోయే పొడవు ముక్కలు రెండే వచ్చాయి, మూడోది లేదు. చిత్రిక పట్టాక లోపల నిమ్మపండు రంగు. అంత అందమైన కొయ్యను బట్టీకి పంపినందుకు నాకు బాధ కలిగింది.

మా ఆయనకు వేప తెలుసు, టేకు తెలుసు, తుమ్మ తెలుసు. చీనీ కొయ్యలో స్క్రూ దించినవాడు మా చుట్టుపక్కల ఎవడూ లేడు, ఆయనతో సహా. దానికి ఎంత బెజ్జం వెయ్యాలో అడగడానికి మనిషి లేడు. అందుకని కోతలో మిగిలిన తుంటలు ముందేసుకుని మొదలుపెట్టాం. ఆయన గోడకు ఆనుకుని, దిండు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నేను డ్రిల్లు పట్టుకున్నాను. చీరలన్నీ ముందే లోపలి గదిలో పెట్టి తలుపేసి వచ్చాను.

వేపకు వాడే రెండున్నర మిల్లీమీటర్ల బిట్టుతో మొదటి బెజ్జం వేశాను. స్క్రూ సగం దిగి కీచుమంది. ఇంకొక్క తిప్పు తిప్పానో లేదో, తుంట రెండుగా విడిపోయింది.

"ఇరుకు" అన్నాడు.

ఈసారి మూడున్నరది పెట్టాను. స్క్రూ హాయిగా దిగిపోయింది. చేత్తో లాగితే అంతే హాయిగా బయటికొచ్చింది.

"ఇది మరీ అత్తగారిల్లు అనుకునింది" అన్నాడు. మధ్యలో మూడుది మిగిలింది. స్క్రూ ముందు పెట్టి వెలుతురుకు ఎత్తాను. ఆయన గోడ దగ్గర నుంచే ఒక కన్ను మూసి చూశాడు. "ఊ" అన్నాడు. స్క్రూ బిగువుగా దిగింది. కీచుమనలేదు, లాగితే కదల్లేదు. ఆయన ముఖంలో చాలా రోజుల తర్వాత వెలుగు కనిపించింది.

పని మెల్లగా సాగింది. బిట్టూ స్క్రూ ఎత్తి చూపిస్తాను, ఆయన "ఊ" అంటాడు, నేను బెజ్జం వేసి ఊదుతాను. మొదట్లో నాకు ఊదడం చేతకాక పొడంతా కళ్లలో పడేది. "పొయ్యి ఊదినట్ల కాదు మే. పెదాలు సన్నంగా పెట్టు, ఒక్కటే దెబ్బ" అనేవాడు. చెబుతూ తన పెదాలు కూడా సన్నగా పెట్టేవాడు, గాలి మాత్రం వచ్చేది కాదు. వీపు పలకలన్నీ ఒక్క పగులు లేకుండా కూర్చున్నాయి.

కుర్చీ చేతులు మిగిలాయి. వాటి స్క్రూలు వెనక నిలువు కొయ్యలోంచి వచ్చి చేతికొయ్య చివర్లోకి దిగాలి. కొయ్యకు చివరి భాగం పిరికిది, ముందు చీలేది అదే. కుడిచేయి బాగా కుదిరింది. ఆయన దాని మీద అరచెయ్యి వేసి అటూ ఇటూ రుద్ది "నున్నగుండాది" అన్నాడు.

ఎడమచేతికి బెజ్జం వేశాను. ఊదబోతుంటే ఆయన చెయ్యి చాచాడు.

"ఇట్ల తే. ఈ ఒక్కటి నేను ఊదుతా."

ఇచ్చాను. ఇవ్వకుండా ఎట్లా ఉంటాను? కొయ్యను రెండు చేతులా పట్టుకుని, వంగి, పెదాలు దగ్గర పెట్టి ఊదాడు. సన్నటి గాలి, శబ్దం కూడా రాలేదు. బెజ్జం నోటి దగ్గర పొడి కొంచెం కదిలింది, అంతే. ఆ తర్వాత దగ్గు పట్టుకుంది. నీళ్లు తాగించాను. దగ్గు తగ్గాక కొయ్య నా చేతికిచ్చి, పని అయిపోయినట్టు చేతులు దులుపుకున్నాడు.

ఆయన ఊదిన బెజ్జాన్ని ఆయన ఎదురుగా నేను మళ్లీ ఊదలేకపోయాను. ఇప్పుడు మళ్లీ అదే కొయ్య నా చేతిలో పెట్టినా నేను ఊదను. స్క్రూ పెట్టి తిప్పాను. ముప్పావు వంతు దిగి కీచుమంది. ఆపేలోపే చేతికొయ్య చివర నుంచి సగం దాకా చీలిపోయింది.

ఆయన కొయ్యను అడిగి తీసుకుని, చీలికలో వేలు పెట్టి విడదీశాడు. బెజ్జం నిలువునా తెరుచుకుంది. అడుగున పసుపు పొడి గట్టిగా అణిగి ముద్దలా ఉంది. దాన్ని గోటితో గీకి వేలి మీద పెట్టుకుని చూశాడు.

"కొయ్య మంచిదే. బెజ్జం కూడా సరిగ్గానే వేసినావు" అన్నాడు. "నా గాలే సాల్లేదు మే."

నేను కుచ్చుల దారాలు వెతుక్కునే నెపంతో లోపలికి పోయి ఏడ్చాను. ఆ మాటకు ముందు డాక్టర్లు ఎన్ని చెప్పినా నాలో ఎక్కడో ఒక ఆశ ఉండేది. ఆ పొడి చూశాక పోయింది.

రెండో చేతికి వేప కొయ్యే వాడుకుందామని ఆయనే అన్నాడు. ద్వారబంధంలో మిగిలిన ముక్కను మా తమ్ముడు కోసి, చిత్రిక పట్టి గోడకు ఆనించి పోయాడు. అది బిగించేలోపు ఎట్లా ఉందో చూద్దామని ఒంటిచేయి కుర్చీలోనే ఆయన కూర్చున్నాడు. వీపు ఆనించాడు, తల ఆనించాడు, కుడి ముంజెయ్యి చీనీ కొయ్య మీద పరిచాడు. ఎడమ చెయ్యి గాల్లో వేలాడుతోంది. దాని బరువుకు ఒళ్లు ఆ పక్కకు వాలుతోంది. నేను చాప తెచ్చి కుర్చీకి ఎడమ పక్కన వేసుకుని కూర్చున్నాను. ఆయన చెయ్యి నా భుజం మీద వేసుకున్నాను. ఎత్తు సరిగ్గా సరిపోయింది.

ఆయన నిద్రపోయాడు. నోరు కొంచెం తెరిచి, చిన్న గురకతో, మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టే వేళదాకా నిండా నిద్రపోయాడు. నా భుజం మొద్దుబారింది. కదల్లేదు. అంత సంతోషం నాకు మా పెళ్లినాడు కూడా లేదు.

మరునాడు "ఆ చెయ్యి బిగిస్తా, డ్రిల్లు తీయనా?" అని అడిగాను.

"ఉండనీలే. ఈ చెయ్యి బాగనే ఉండాది. చిత్రిక పట్టే పని కూడా ల్యా" అని నా భుజం తట్టాడు.

ఆ తర్వాత ఆయన అడగలేదు, నేను గుర్తు చెయ్యలేదు. వేప ముక్క గోడకు ఆనించినట్టే ఉండిపోయింది. నేను చాప మీద కూర్చుని కుచ్చులు వేసుకుంటూ ఉంటే, ఆయన చెయ్యి నా భుజం మీద ఉండేది. దారం ముడి వేయడానికి ముందుకు వంగినప్పుడు ఆ చెయ్యి కూడా నాతో కొంచెం వంగేది. చీర మీద పొడి పడే భయం లేదు. పడితే బాగుండునని లోపల ఉండేది.

ఒక మధ్యాహ్నం చిలకాకుపచ్చ చీరకు కుచ్చులు వేస్తున్నాను. భుజం మీద చెయ్యి బరువెక్కింది. గురక తగ్గింది, ఆయాసం శబ్దం కూడా లేదు. బాగా నిద్ర పట్టిందని సంతోషించాను. లేస్తాడేమోనని దారం తెంచడానికి కత్తెర కూడా వాడలేదు, పంటితో కొరికాను. కొంగంతా అయ్యేదాకా అట్లాగే కదలకుండా కూర్చున్నాను. అయ్యాక కాఫీ ఇద్దామని ఆయన చెయ్యి పట్టుకుని మెల్లగా దించబోయాను. చల్లగా తగిలింది.

ఆయన అడిగిన నిండు నిద్ర అదేనని వచ్చినవాళ్లంతా అన్నారు. నా మనసుకు ఊరట కలుగుతుందని అన్నారు, నాకు తెలుసు. నాకేం ఊరట కలగలేదు. నాకు ఆయన కావాలి, దగ్గుతూ అయినా సరే.

కర్మ అయిపోయి బంధువులు వెళ్లాక మా తమ్ముడు ఆగాడు. వరండాలో కుర్చీని, గోడకు ఆనించిన వేప ముక్కను చూసి డ్రిల్లు అందుకున్నాడు.

"అక్కా, ఈ చెయ్యి బిగించి పోతా. ఒంటిచేత్తో ఎట్లనో ఉండాది."

"వద్దప్పా, నేనే చేసుకుంటా" అన్నాను. నిజానికి బిగించాలని నాకు లేదు. అది బిగిస్తే ఆ పక్కన నా భుజానికి చోటుండదు. కానీ సగం పనిని వడ్రంగి ఇంట్లో ఉంచకూడదని ఆయన అనేవాడు. ఉంచితే వీధివాళ్లు నవ్వుతారని ఆయనకు భయం.

తమ్ముడు వెళ్లాక ఒక్కదాన్నే కూర్చున్నాను. చీనీ కొయ్యకు వాడిన మూడుది పక్కన పెట్టి, వేపకు రెండున్నరది తీశాను. స్క్రూ ముందు పెట్టి, వెలుతురుకు ఎత్తి, అలవాటు కొద్దీ కుర్చీ వైపు తిప్పి పట్టుకున్నాను. నడుము దాగింది, మరల అంచులు కనబడుతున్నాయి. అట్లాగే పట్టుకుని ఉన్నాను. చెయ్యి నొప్పి పుట్టాక గానీ నేను దేనికోసం ఆగానో నాకు తెలియలేదు. "ఊ" అనేవాళ్లు లేరు.

బెజ్జం వేశాను. పెదాలు సన్నగా పెట్టి ఒక్కటే దెబ్బ ఊదాను. పొడి మొత్తం లేచి, పక్కన మడిచి పెట్టిన ముదురు పట్టుచీర మీద పడింది. చీరలు లోపల పెట్టడం ఆరోజు మరిచిపోయాను. "ఏమయ్యా" అని తిట్టడానికి నోరు తెరిచాను.

ఊదింది నేనే.

కాసేపటికి చీర దులిపి పక్కన పెట్టి, స్క్రూ బిగించాను. కీచుమనకుండా దిగింది.